లక్షల వోల్టుల షాకు – చెరువు గట్టు మీది కరెంటు

భీమవరం చుట్టుపక్కల ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. పేరు, ఊరు వద్దన్నారు కనుక రాయను. సంగతి మాత్రం చెబుతాను, ఇది ఆవిడ ఒక్కరి ఇంటి సమస్య కాదు.

"మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోందండి. నెల క్రితం ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ అని పెట్టారు. చేతిలో పట్టుకునే షాక్ మిషను చూపించి, ఎవరు ముందుకొస్తారు అంటే మా పిల్ల లేచిందిట. తొడ మీద ఆనించి నొక్కగానే కెవ్వున అరిచి పక్కకి పడింది. చెయ్యి కిందపెట్టి పడడంతో మణికట్టు ఎముక చిట్లింది. కట్టు కట్టించాము. దానికంటే వేరే దిగులు పట్టుకుంది మాకు. పడుకుంటే గుండె దడదడ లాడుతోందంటుంది. ఈ నెల బహిష్టు పది రోజులు ఆలస్యమైంది. లక్షల వోల్టులు ఒంట్లోకి పోయిన పిల్లకి రేపు కడుపు పండుతుందా అని ఎదురింటి మామ్మగారు అననే అన్నారు. సంబంధాలు చూస్తున్నాము. ఇంకో మాటండి. మా పెద్దాడు రొయ్యల చెరువు మీద పని చూస్తాడు. చెల్లాయి లక్షల వోల్టులకే చావలేదు, మన చెరువు కరెంటు ఏపాటిది అంటూ తడి చేతులతో ఏరియేటర్ వైర్లు ముట్టుకుంటున్నాడు. చెబితే నవ్వుతున్నాడు."

అమ్మా, మీరు ఆఖరున "ఇంకో మాట" అని రాసినదానికే నేను ముందు జవాబు చెప్పాలి. మీ అమ్మాయికి ప్రమాదం ఏమీ లేదు. ప్రమాదంలో ఉన్నది మీ అబ్బాయి. ఈ పేజీ చదివి వినిపించండి. నవ్వితే నవ్వనివ్వండి, ఆఖరు దాకా మాత్రం వినమనండి.

వోల్టులు అనే మాట మనల్ని భయపెట్టినంతగా మరే మాటా భయపెట్టదు. నిజానికి మనిషిని చంపేది వోల్టు కాదు. ఒంట్లోంచి పారే కరెంటు ఎంత, ఎంతసేపు, ఏ దారిన పారింది అన్నవే చంపుతాయి. గోదావరి జిల్లాల వారికి నీటి లెక్కలో చెబితే తేలికగా అర్థమవుతుంది. కొబ్బరి చెట్టు మొవ్వులోంచి ఒక చెంచాడు నీళ్ళు మీ నెత్తిన పడ్డాయనుకోండి. ఎత్తు చాలా ఎక్కువ, నీరు బహు తక్కువ. ఉలిక్కిపడతారు, అంతే. అదే పంట కాలువ లాకు ఎత్తారనుకోండి. ఎత్తు నాలుగడుగులే గాని పారే నీరు మనిషిని ఈడ్చుకుపోతుంది. వోల్టు ఎత్తు వంటిది, కరెంటు పారే నీరు వంటిది. స్టన్ గన్ చెట్టు మీది చెంచాడు నీళ్ళు. మీ చెరువు గట్టు మీది లైను ఎత్తిన లాకు.

చలికాలంలో పాలిస్టర్ చీర కట్టుకుని తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చిటుక్కుమంటుంది చూడండి, అక్కడ కూడా కొన్ని వేల వోల్టులు ఉంటాయి. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ కనుక ఇక్కడ అంతగా తెలియదు. హైదరాబాదులో కాపురం పెట్టిన మన పిల్లలకు బాగా అనుభవం. వేల వోల్టులే అయినా దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు గదా!

ఇక ఆ అట్టపెట్టె మీద అచ్చువేసే లక్షల సంగతి. పది లక్షల వోల్టులు, యాభై లక్షల వోల్టులు అని రాసి అమ్ముతున్నారు. ఇది ఎంత నిజమో ఇంట్లో కూర్చుని స్కేలు పుచ్చుకుని తేల్చవచ్చు. పొడిగాలిలో ఒక సెంటీమీటరు దూరం నిప్పురవ్వ దూకడానికి సుమారు 30 వేల వోల్టులు చాలు. ఆ మిషను మూతి దగ్గర రెండు ఇనప మొనల మధ్య దూరం రెండు సెంటీమీటర్లు ఉంటే, అక్కడ 60 వేలకు మించి నిలబడనే నిలబడదు, ఆలోపే రవ్వ దూకేస్తుంది. నిజంగా పది లక్షలే అయితే అడుగు పైచిలుకు దూరం రవ్వ దూకాలి. అంత పొడుగు మెరుపు చూపించిన దుకాణదారును నేను ఇంతవరకు చూడలేదు.

ఈ మిషన్లలో రెండు జాతులున్నాయి. అమెరికాలో జాక్ కవర్ అనే ఆయన 1970ల్లో తయారుచేసిన టేజర్ ఒకటి. దాంట్లోంచి రెండు చిన్న ముళ్ళు తీగెలతో సహా దూరంగా ఎగిరి వెళ్ళి మనిషికి గుచ్చుకుంటాయి. ముళ్ళ మధ్య దూరం ఎక్కువ కనుక ఆ మధ్య ఉన్న కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుపోతాయి, మనిషి కొయ్యలా పడిపోతాడు. పోలీసులు వాడేది ఇది. రెండోది, ఒంటికి ఆనించి నొక్కేది. టార్చిలైటు రూపంలో బజారులో దొరికేది, మీ అమ్మాయికి చూపించినది ఇదే. మొనలు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక ఇది నొప్పి పుట్టిస్తుందే గాని, పెద్ద మనిషిని కదలకుండా చెయ్యగలదని నమ్మకం లేదు. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘోరం జరిగాక, 2019లో మన హైదరాబాదు శివార్లలో మరొకటి జరిగాక, ఇటువంటి సరుకుకు గిరాకీ పెరిగింది. కన్నవారి భయాన్ని నేను తప్పుపట్టను. కాని ఆడపిల్ల సంచిలో ఇది ఉందని నిశ్చింతగా ఉండేవారు, దీన్ని వాడాలంటే దుండగుణ్ణి చేతికందేంత దగ్గరికి రానివ్వాలన్న సంగతి కూడా గుర్తుంచుకుంటే మంచిది.

పోలీసులు వాడే రకం ఒకదాని లెక్క చెబుతాను. సెకండుకు సుమారు 19 దెబ్బలు. ఒక్కొక్క దెబ్బ నిలిచేది సెకండులో పదివేలవ వంతు. అంటే ఒక సెకండులో నిజంగా కరెంటు పారిన కాలం మొత్తం కూడినా వెయ్యింట రెండు వంతులే. సగటు చూస్తే రెండు మిల్లీ యాంపియర్లు. నరాలను గిల్లడానికి అది చాలు. ఆరోగ్యమైన గుండెను పట్టుకోవడానికి సాధారణంగా చాలదు.

చదివి చెప్పడం వేరు, పడి చెప్పడం వేరు. కొన్నేళ్ళ క్రితం ఇటువంటి ప్రదర్శనకే నన్ను డాక్టరుగా ముందు వరసలో కూర్చోబెట్టారు. శిక్షణ ఇచ్చే ఆయన వరసగా అందరినీ పిలిచి, "డాక్టరు గారు భయపడుతున్నారేమో" అన్నాడు. పరువు ఒకటుంది గదా! కుర్చీలోనే కూర్చుని తొడ చూపించాను. మొదట చిటపట చప్పుడు, ఆవాలు పేలినట్లు. ఆ చప్పుడుతోనే సగం ప్రాణం పోయింది. తరువాత నొప్పి. మంట కాదు, పోటు కాదు. తొడ లోపల కూర్చుని ఎవరో రోకలితో గబగబా దంచుతున్నట్లుంది. కాలు నాది కాదన్నట్లు ఎగిరింది. మహా అయితే ఒక్క సెకండు. వదలగానే నొప్పి పోయింది, కాలు వణుకు మాత్రం అయిదు నిమిషాలు తగ్గలేదు. ఎందుకో గట్టిగా నవ్వాను. అది సంతోషపు నవ్వు కాదని నాకు తెలుసు, చుట్టూ ఉన్నవారికి తెలియదు. మూడు రోజులపాటు దోమకాటంత రెండు ఎర్రమచ్చలు ఉన్నాయి.

ఆ రోజు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నా తరువాత మరో పది పన్నెండుమంది పిల్లలు లేచారు. వారిలో మూర్ఛ ఉన్నవారున్నారా, గుండె జబ్బు ఉన్నదా, కొత్తగా పెళ్ళయి నెల తప్పినవారున్నారా అని శిక్షకుడు అడగలేదు. అతనికి తెలియదు. తెలిసిన నేను కూడా అడగలేదు. నిలబడి షాకు తిన్న ఒక అమ్మాయి కుర్చీ అంచు మీద పడి గడ్డం చీలింది. రెండు కుట్లు వేశాను. ఆ కుట్ల బాధ్యత నాదే.

మీ అమ్మాయి మణికట్టు కథ కూడా ఇదే. ఇటువంటి మిషన్లతో వచ్చే దెబ్బల్లో ఎక్కువభాగం కరెంటు వల్ల కాదు, పడడం వల్ల. బిగుసుకుపోయిన మనిషి చెయ్యి అడ్డుపెట్టుకోలేడు, తల నేలకు కొట్టుకుంటుంది. కండరాలు బిగిసే బలం కూడా తక్కువది కాదు. అమెరికాలో శిక్షణ కోసం టేజర్ షాకు తీసుకున్న ఒక పోలీసు అధికారికి ఆ బిగింపుకే వెన్నుపూసలు నలిగిపోయిన సంగతి 2007లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో రాబర్ట్ జికాన్‌స్కీ అనే పోలండు దేశస్థుడు పోలీసులు పదేపదే టేజర్ ప్రయోగించిన తరువాత చనిపోతే, దానిమీద పెద్ద విచారణే జరిగింది. ఛాతీ మీద గురిపెట్టకుండా ఉండడం మంచిదని 2009లో తయారీదారే పోలీసులకు సూచించాడు. ఆరోగ్యవంతులైన పెద్దవారికి ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నట్లు గట్టి రుజువు లేదని 2011లో అమెరికా ప్రభుత్వ నివేదిక తేల్చింది. ఇక్కడ "ఆరోగ్యవంతులైన" అన్న మాటను ఒత్తి పలకాలి. గర్భిణులు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ రోగులు, ఎముకలు గుల్లబారినవారు, చిన్నపిల్లలు ఆటకైనా దీని జోలికి పోరాదు.

మీ అమ్మాయి గుండె దడ మాటకు వస్తాను. కరెంటు ఒంట్లో నిలవ ఉండదమ్మా. మీట వదిలిన క్షణానే పోతుంది. వారాల తరువాత లేచివచ్చి గుండెను పట్టుకోదు. అందరి ముందూ కెవ్వుమని పడిపోయిన సిగ్గు, ఎముక నొప్పి, నిద్రలేమి, ఆపైన మామ్మగారి మాటలు, ఇవి చాలవా దడకు? అయినా మాటలతో సరిపెట్టకండి. ఒక ఇ.సి.జి. తీయించండి. రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించండి. మన ఆడపిల్లల్లో సగానికి సగం మంది రక్తం చాలక దడ, ఆయాసం అంటుంటారు, షాకు తగలకపోయినా. ఇ.సి.జి. సవ్యంగా ఉంటే ఆ అధ్యాయం అక్కడితో సరి.

బహిష్టు పది రోజులు జరగడం పరీక్షల నెలలో ఎందరికో చూస్తుంటాం. దెబ్బ, దిగులు చాలు అందుకు. మరో నెల కూడా రాకపోతే డాక్టరమ్మకు చూపించండి. ఒక్క క్షణం తొడ మీద తగిలిన షాకు గర్భసంచిని గాని, అండాశయాలను గాని చెడగొట్టదు. పిల్లలు పుట్టరన్న మాటకు ఆధారం లేదు. సంబంధం వారికి చెప్పాలా అని మీరు అడగలేదు గాని అడుగుతారని తెలుసు. మణికట్టు విరిగిందని చెప్పండి. జబ్బేమీ లేదు కనుక దాచవలసిందీ లేదు.

షాకుకు, వైద్యానికి పాత చుట్టరికమే ఉంది. మన తూర్పు సముద్రంలో ముట్టుకుంటే చెయ్యి మొద్దుబారిపోయే చేప ఒకటుంది. పాట్రిక్ రసెల్ అనే డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి చేపలను సేకరించి, బొమ్మలతో వేసిన పుస్తకం 1803లో లండనులో అచ్చయింది. అందులో ఈ చేప పేరును ఇక్కడి జాలరులు పిలిచినట్లే "తిమిరి", "నల్ల తిమిరి" అని రాసుకున్నాడు. తిమ్మిరెక్కించే చేప తిమిరి. ఇంతకంటె సరియైన పేరు ఏ శాస్త్రజ్ఞుడు పెట్టగలడు? ఇదే జాతి చేపను రోమునగరంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు రెండువేల ఏళ్ళ నాడే తలనొప్పికి నుదుట పెట్టించేవాడు, కీళ్ళవాతం రోగులను దానిమీద నిలబెట్టేవాడు. మీరెవరూ ఉప్పాడ రేవుకు బయలుదేరవద్దు సుమా!

ఇప్పుడు మీ అబ్బాయి. బాబూ, నీకు నాలుగు అంకెలు చెబుతాను. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. ఒంట్లోంచి ఒక మిల్లీ యాంపియర్ పారితే జిల్లుమంటుంది. పది దగ్గర చేతి కండరాలు బిగుసుకుని, పట్టుకున్న వైరును వదలలేవు. లైను నిన్ను పట్టుకుందంటారే, అది ఇదే. పట్టుకున్నది లైను కాదు, నీ చెయ్యే. 50 నుంచి 100 మధ్య ఒకటి రెండు సెకండ్లు పారితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని గిలగిల వణుకుతుంది. మీ వసారాలో వెలిగే 9 వాట్ల బల్బుకే సుమారు 40 మిల్లీ యాంపియర్లు కావాలి. రెండు బల్బులకు సరిపోయే కరెంటు చాలు, ప్రాణం తియ్యడానికి.

పొడి చర్మం కొంత కాపాడుతుంది. అరచేయి ఆరి ఉంటే నిరోధం వేలకు వేల ఓములు, ఒక్కోసారి లక్ష. తడిస్తే వెయ్యికి దిగవచ్చు. 230ని వెయ్యితో భాగించు. 230 మిల్లీ యాంపియర్లు! రొయ్యల చెరువు నీరు మామూలు నీరు కూడా కాదు, ఉప్పదనం ఉన్న నీరు. కరెంటుకు అది రాజమార్గం. మోకాటి లోతు నీళ్ళలో, చెప్పులు లేకుండా, చెమటతో, ఒక చేత్తో వైరు పట్టుకున్నవాడి గుండె సరిగ్గా ఆ దారి మధ్యలో ఉంటుంది. పైగా ఇది స్టన్ గన్ లాగా ఆగి ఆగి కొట్టదు. సెకండుకు యాభై ఆవృత్తులు, ఎడతెగకుండా పారుతుంది, అయిదు సెకండ్లకు దానంతటదే ఆగదు.

2009 తరువాత వనామీ వచ్చాక ఉండి, ఆకివీడు, కాళ్ళ, భీమవరం ప్రాంతాల్లో ఏరియేటర్లు రాత్రింబవళ్ళు తిరుగుతున్నాయి. గట్టు మీద వైర్లు గడ్డిలో పడి ఉంటాయి, అతుకులకు టేపు బదులు పాలిథిన్ కవరు చుట్టి ఉంటుంది. రొయ్యకు ప్రాణవాయువు చాలదేమోనని అర్ధరాత్రి పరుగెత్తే మనిషి, తన ప్రాణానికి ఒక స్విచ్చి పెట్టించుకోడు. ఫ్యూజు ఉందిగా అంటారు. ఫ్యూజు మోటారును, వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. అది కాలాలంటే యాంపియర్లలో కరెంటు కావాలి, నువ్వు పోవడానికి అందులో పదో వంతైనా అక్కరలేదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. కరెంటు పక్కదారి పట్టిందని తెలియగానే కన్నుమూసి తెరిచేలోగా అది లైను కట్టేస్తుంది. మంచి ఎలక్ట్రీషియను చేత పెట్టించి, దానిమీద ఉండే టెస్టు బటను నెలకోసారి నొక్కి చూడండి. ఎర్తు గుంట ఎండిపోకుండా చూసుకోండి. చెరువులో దిగేముందు మెయిను కట్టెయ్యడం, రెండో మనిషి గట్టు మీద ఉండడం, ఈ రెండూ ఖర్చులేని పనులు.

ఇళ్ళలో అమ్మలకూ రెండు మాటలు. బట్టలారేసే ఇనప దండెం ఒక కొస సర్వీసు వైరు దగ్గర కట్టవద్దు, ప్లాస్టిక్ తాడు వాడండి. హీటరు రాడ్డు బకెట్టులో ఉండగా నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూసే అలవాటు మానండి. కోనసీమ వారు కొబ్బరికాయ దింపడానికి అల్యూమినియం గెడ ఎత్తేముందు పైన తీగలున్నాయేమో చూడాలి.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే మొదటి పని అతన్ని లాగడం కాదు, మెయిను కట్టడం. కట్టడానికి వీల్లేకపోతే పొడి చెక్క మీద గాని, ప్లాస్టిక్ కుర్చీ మీద గాని నిలబడి ఎండు కర్రతో వైరు తప్పించండి. పచ్చి వెదురు పనికిరాదు. ఇది ఇంటి కరెంటు మాట. తెగిపడింది పెద్ద లైను అయితే ఏ కర్రా పనికిరాదు, దూరంగా ఉండి 1912కు ఫోను చెయ్యాలి.

లైను తప్పించాక మనిషికి స్పృహ లేదు, ఊపిరి సరిగా ఆడడం లేదు అనుకోండి. అక్కడక్కడ ఇసుకలో, బురదలో మెడ దాకా పూడ్చిపెడతారు, భూమి కరెంటును లాగేస్తుందని. ఒంట్లో లాగడానికి కరెంటు మిగిలి లేదని ముందే చెప్పాను. పూడ్చిన ఆ పది నిమిషాలే అతని ప్రాణం. వెల్లకిల పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య ఎముక మీద రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతు దిగేటట్లు నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ఒకరు నొక్కుతుంటే ఒకరు 108కు ఫోను చెయ్యండి. అలసిపోతే మనిషిని మార్చండి, ఆపవద్దు. షాకు తిన్నవాడి గుండె అంతకుముందు క్షణం దాకా ఆరోగ్యంగా ఉన్న గుండె, వెంటనే నొక్కితే తిరిగివచ్చే అవకాశం ఎక్కువ. పిడుగు పడినవారికి కూడా ఇదే పద్ధతి, వారిని ముట్టుకుంటే మీకు షాకు తగలదు.

లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే, స్పృహ తప్పినవారిని, ఛాతీ నొప్పి అన్నవారిని, ఒంటి మీద కాలిన మచ్చ ఉన్నవారిని, గర్భిణులను ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. పైకి రూపాయి బిళ్ళంత కాలినా లోపల కండ జానెడు ఉడికి ఉండవచ్చు. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే మూత్రపిండాలకు ముప్పు, క్షణం ఆలస్యం పనికిరాదు.

అమ్మా, మీ అమ్మాయి కట్టు విప్పిన తరువాత రోజూ రెండు పూటలా గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ఉంచి, మణికట్టును పైకీ కిందికీ నెమ్మదిగా ఆడించమనండి, బిగుసుకుపోకుండా ఉంటుంది. ఇ.సి.జి. కాగితం నకలు నాకు పంపండి. దానితోపాటే ఆర్.సి.సి.బి. పెట్టించారో లేదో కూడా రాయండి.